అన్ని పాపాలకూ షార్ట్ సర్క్యూటేనా?

పేపర్లో అగ్నిప్రమాదం వార్త కనబడితే చివరి వాక్యం నేను చదవకుండానే చెప్పేయగలను. "ప్రమాదానికి షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు." అంతే, దోషి దొరికేశాడు. ఈ దోషికి ఇంటి అడ్రసు లేదు, ఆధార్ కార్డు లేదు, వెనక ఏ కార్పొరేటరూ లేడు. కోర్టుకి రాడు, బెయిలు అడగడు. ఇంతకన్నా మంచి ముద్దాయి మన వ్యవస్థకి ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

మన ఆఫీసుల సంగతే చూద్దాం. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వర్ పడిపోయింది. పొద్దున్నే రిపోర్టులో "కారణం: కరెంటు పోయింది" అని ఒక్క ముక్క రాసి పంపితే మేనేజరు ఊరుకుంటాడా? కరెంటు పోతే యూపీఎస్ ఏమైంది? అది పోతే రెండో సర్వర్ ఎందుకు అందుకోలేదు? అలారం ఎందుకు మోగలేదు? మోగితే ఎవరూ ఎందుకు చూడలేదు? ఇలా "ఎందుకు" మీద "ఎందుకు" అడిగి మన ప్రాణం తోడేస్తారు. క్లయింటు డేటా నాలుగు గంటలు అందకపోతేనే ఇంత రాద్ధాంతం. పదిహేడు మంది చచ్చిపోతే మాత్రం "షార్ట్ సర్క్యూట్" అన్న రెండు ముక్కలతో ఫైలు మూసేస్తాం.

అసలు షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటి? కలవకూడని రెండు తీగలు కలిసి కరెంటు ఒక్కసారిగా విపరీతంగా పారడం. సరైన రేటింగున్న ఎంసీబీ ఉంటే రెప్పపాటులో పడిపోయి కరెంటు ఆపేయాలి. దాని ఉద్యోగమే అది. కాబట్టి షార్ట్ సర్క్యూట్ వల్ల ఇల్లు అంటుకుందంటే, ఎంసీబీ లేకనో, మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ చేత దాని స్థానంలో పెద్దది పెట్టించడం వల్లనో, పాత ఫ్యూజులో చేతికి దొరికిన తీగ చుట్టడం వల్లనో అయ్యుంటుంది. వదులు కనెక్షన్ దగ్గర మెల్లగా పుట్టే వేడిని మామూలు ఎంసీబీ పట్టుకోలేదు, ఆ మాటా నిజమే. అంటే నిప్పురవ్వ అన్నది ఎంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. వైరు లోంచి పుట్టకపోతే వెల్డింగు లోంచి, బ్యాటరీ లోంచి, అగరుబత్తి లోంచి పుడుతుంది.

నిప్పు పుట్టడం వేరు, మనుషులు చావడం వేరు. మనుషులు చావాలంటే ఇంకో రెండు కావాలి: అంటుకుని మండే సరుకు, తప్పించుకునే దారి లేకపోవడం. ఈ రెండూ వైర్లు చేసే పనులు కావు, మనుషులు చేసేవి. అద్దె లెక్కలు చూసుకుని మరీ చేసేవి.

కాస్త వెనక్కి వెళ్ళి చూడండి. అన్నీ మన నగరంలోనే జరిగాయి.

2022 మార్చి 23. బోయగూడలో తుక్కు గోదాము. కింద సరుకు, పైన పడుకున్న కూలీలు. పొట్టకూటికి బీహార్ నుంచి వచ్చిన పదకొండు మంది నిద్రలోనే పోయారు.

అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి. సికింద్రాబాద్ రూబీ హోటలు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. కింది పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. ఎనిమిది మంది.

2023 మార్చి 16. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. ఒళ్ళు కాలి పోలేదు వాళ్ళు, పొగకి ఊపిరాడక పోయారు.

2023 నవంబరు 13, దీపావళి మర్నాడు. నాంపల్లి బజార్‌ఘాట్. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. ఆ ఒక్కరోజే తొమ్మిది మంది.

2025 మే 18, ఆదివారం పొద్దున. చార్మినార్ పక్కన గుల్జార్‌హౌజ్. కింద దుకాణాలు, పైన ఇల్లు, లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. పదిహేడు మంది. అందులో ఎనిమిది మంది పిల్లలు.

ఐదు ప్రమాదాలు, మూడేళ్ళ చిల్లర కాలం, కనీసం యాభై ఒక్క ప్రాణాలు. ప్రతిసారీ నాయకులొచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు, తనిఖీలన్నారు, మళ్ళీ మామూలే. స్వప్నలోక్ కొంచెం వేరు గానీ మిగతా నాలుగింటి నమూనా మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకటే: కింద సరుకు, పైన మనుషులు, మధ్యలో ఒకే ఒక మెట్ల దారి. మంట అంటుకోగానే ఆ మెట్ల దారి కాస్తా పొగగొట్టంగా మారుతుంది. దిగాల్సిన దారిలోంచే విషం పైకొస్తుంది. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. కాలేజీలో మార్కుల కోసం బట్టీ పట్టిన మాట, మనం కాపురముండే ఇళ్ళకి మాత్రం వర్తించదనుకుంటాం.

ఇక్కడ చాలామంది తేలిగ్గా అనే మాట, "ఓల్డ్ సిటీలో అంతే బాబూ, అక్కడ రూల్సేం నడుస్తాయి?" అని. మలక్‌పేటలో పుట్టి పెరిగినవాడిగా ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పైన రాసిన ఐదింట్లో మూడు సికింద్రాబాద్ వైపువి. ఇది పాత నగరం జబ్బు కాదు. షట్టరున్న ప్రతి వీధి జబ్బు.

సరే, చట్టాలు లేవా అంటే బోలెడున్నాయి. ఉన్నవి ఎలా ఉన్నాయో చూడండి.

మొదటిది, ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం. దాని 13వ సెక్షను ప్రకారం వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తు దాటితే, నివాస భవనమైతే 18 మీటర్లకు చేరితే, ఫైర్ ఎన్‌ఓసీ కావాలి. బడులు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళ లాంటివాటికి ఈ హద్దు ఇంకా కింద, ఆరు మీటర్లు. అంతస్తుకి మూడు మీటర్లు వేసుకోండి. జి ప్లస్ 3 అంటే పన్నెండు మీటర్లు. అంటే మలక్‌పేట, సైదాబాద్, మూసారాంబాగ్ గల్లీల్లో మామూలుగా కనబడే ఇళ్ళు ఈ గీతకి కిందనే ఉండిపోతాయి. పైగా ఎన్‌ఓసీ ప్రశ్న ప్రధానంగా ఇల్లు కట్టేముందు వస్తుంది. కట్టేటప్పుడు "పార్కింగ్" అని ప్లాన్‌లో గీసి, కట్టాక షట్టరు బిగించి గోదాముకి ఇస్తే? రిలీజు రోజున కోడ్ రివ్యూ చేయించుకుని, మర్నాటి నుంచి నేరుగా ప్రొడక్షన్లో మార్చుకుంటూ పోయినట్టు.

రెండోది, 1934 నాటి పెట్రోలియం చట్టం. దీన్ని చూసేది నాగపూర్‌లో కేంద్ర కార్యాలయమున్న పెసో. ఇది మంచి చట్టమే, ఎత్తుని కాక సరుకుని కొలుస్తుంది. ఒక ద్రవం మీద అంటుకునేంత ఆవిరి ఎంత వేడి దగ్గర తయారవుతుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. అది 23 డిగ్రీల కంటే తక్కువైతే ఎ తరగతి. 23 నుంచి 65 మధ్య అయితే బి తరగతి. ఎ తరగతి సరుకు లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగేది 30 లీటర్లు, అదీ అమ్మకానికి కాకపోతేనే. బి తరగతికి మాత్రం, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు దాటకపోతే, 2,500 లీటర్ల దాకా లైసెన్సే అక్కర్లేదు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు పన్నెండు! ఫైబర్ రెజిన్లలో కలిపే స్టైరీన్ ఫ్లాష్ పాయింటు 31 డిగ్రీల దగ్గరుంటుంది. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో షట్టరు మూసిన గదిలో ఎన్ని డిగ్రీలుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది నగరపాలక సంస్థ. ప్రమాదకరమైన సరుకు నిల్వ చేయాలంటే లైసెన్సు తీసుకోవాలని 1955 నాటి మునిసిపల్ చట్టంలోనే ఉంది.

ఒకరు మీటర్లు కొలుస్తారు, ఒకరు లీటర్లు కొలుస్తారు, ఒకరు ఫీజు కొలుస్తారు. ఆ లీటర్ల పైన ఎంతమంది నిద్రపోతున్నారో కొలిచే నాథుడు లేడు. మూడు టేబుళ్ళున్నాయి గానీ వాటిని కలిపే కీ లేదు.

దీపావళి టపాకాయల షాపుల విషయంలో ఎంత ముందుచూపు ఉందో చూడండి. 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ నిబంధనల ప్రకారం తాత్కాలిక షాపుకీ షాపుకీ మధ్య మూడు మీటర్ల దూరం ఉండాలి, జనావాసాలకి యాభై మీటర్ల దూరం ఉండాలి, షాపులు ఎదురెదురుగా ఉండకూడదు, నూనె దీపం వెలిగించకూడదు. నాలుగు రోజుల వ్యాపారానికి ఇన్ని నియమాలు. అమలు ఎంత బాగుందో 2024 దీపావళికి ముందు బొగ్గులకుంటలో షాపు అంటుకున్నప్పుడు చూశాం, అది వేరే కథ. కానీ నియమమైతే ఉంది కదా! ఏడాది పొడవునా పడగ్గది కిందుండే డ్రమ్ముకి మాత్రం యాభై మీటర్లు కాదు, నాలుగంగుళాల శ్లాబు చాలట.

ఇప్పటిదాకా ఊళ్ళోవాళ్ళని తిట్టాను. ఇక మా ఇంటి సంగతి.

మాది మలక్‌పేటలో జి ప్లస్ 3. నాన్న రిటైరవకముందు అప్పు చేసి కట్టిన ఇల్లు. కింద రెండు షట్టర్లు. ఒకదాంట్లో జిరాక్స్ షాపు ఉండేది, 2020 లాక్‌డౌన్‌లో మూతపడింది. కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నాక ఒకాయన వచ్చి, పాత అద్దె పద్నాలుగు వేలైతే ఇరవై ఆరు ఇస్తానన్నాడు. సోఫాలకీ అలమరాలకీ కావలసిన సామాన్ల వ్యాపారం. నాన్న ఇంకేమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఏడాది తర్వాత అమ్మ, "మధ్యాహ్నాలు ఏదో వాసనొస్తుందిరా, తలనొప్పి లేస్తోంది" అనడం మొదలుపెట్టింది. గుల్జార్‌హౌజ్ జరిగిన తర్వాతి ఆదివారం కిందకి దిగి, షట్టరు సగం తెరిచి ఉంటే సెల్‌ఫోన్ టార్చి వేసి చూశాను. కప్పు దాకా స్పాంజి షీట్లు. రెక్సిన్ చుట్టలు. వాటి వెనక థిన్నర్ డ్రమ్ములు, రెండు వందల లీటర్లవి. లెక్కపెట్టాను, ఆరు.

పన్నెండు వందల లీటర్లు. థిన్నర్‌లో ఉండే టోలుయీన్ ఫ్లాష్ పాయింటు నాలుగు డిగ్రీలు. ఎ తరగతి. ముప్ఫై లీటర్ల హద్దుకి నలభై రెట్లు. దాని ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న రవ్వని వెతుక్కుంటుంది. ఆ స్పాంజి కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా ఉంటుంది. మంట చేరక ముందే పొగ పని పూర్తి చేస్తుంది.

వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాను. షట్టరు పక్కనే మెట్లు. మెట్ల కిందే ఇంటి మొత్తం కరెంటు మీటర్లు. మీటర్ల పక్కన ఛార్జింగుకి పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు. ఆ స్కూటరు ఎవరిదో కాదు, నాదే. ఇక టెర్రస్ తలుపుకి దొంగల భయంతో తాళం. తాళంచెవి మా వంటింట్లో మేకుకి వేలాడుతుంది. రెండు, మూడు అంతస్తుల్లో అద్దెకున్నవాళ్ళకి ఆ మేకు ఎక్కడుందో కూడా తెలియదు. మొదటి అంతస్తులో అమ్మ, నాన్న, అక్క, అక్క నాలుగేళ్ళ కూతురు. రూబీ, బజార్‌ఘాట్, గుల్జార్‌హౌజ్.. మూడింటినీ కలిపి మా ఇంట్లో నేనే కట్టుకున్నట్టనిపించింది.

నాన్నతో గొడవపడ్డాను.

"ఏం గాదు తియ్యిరా. గీ గల్లీల గోదాము లేని ఇల్లు చూపియ్యి. ఎన్నడన్న ఏమన్న అయిందా?"

"అయిన రోజు చెప్పడానికి మనం ఉండం నాన్నా."

"మరి నీ ఫ్లాటు ఈఎంఐకి నెలనెలా నేను పంపే పైసలు ఏడికెళ్ళి వస్తున్నయనుకున్నవ్? గా షట్టరు కిరాయే గద."

నోట మాట రాలేదు. నార్సింగిలో నేను బుక్ చేసుకున్న ఫ్లాట్‌లో అన్ని హంగులూ ఉన్నాయి. స్ప్రింక్లర్లు, రెండు మెట్ల దారులు, ఫైర్ లిఫ్టు, నెలకోసారి డ్రిల్లు. బ్రోచర్లో ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను. ఆ భద్రతకి కంతులు కడుతున్నది మా అమ్మ పడగ్గది కింది థిన్నరు.

అందుకే ఇది మన గురించి కూడా అంటున్నాను. షట్టర్లకి ఓనర్లెవరు? ఊళ్ళో పాత ఇల్లు, సిటీలో కొత్త ఫ్లాటు, మధ్యలో నెలనెలా వచ్చే అద్దె.. ఇది సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళ కుటుంబాల బడ్జెట్టు. హాస్టలు నడుపుకోమని బిల్డింగు లీజుకిచ్చి, అందులో గదికి ఎంతమంది, మెట్లెన్ని అని చూడనివాళ్ళలో మనవాళ్ళు లేరా? అగ్నిప్రమాదం జరగ్గానే "అధికారులు లంచాలు తిని.." అని ఫార్వర్డులు పెడతాం. అధికారి లంచం తిన్నాడేమో, అద్దె తిన్నది ఎవరు?

సరుకు ఆయనతోనూ మాట్లాడాను. మర్యాదస్తుడు. "భాయ్, కుచ్ నై హోతా. ఏమన్నా అయితే ముందు పోయేది నా సరుకే కదా" అన్నాడు. ఊరి బయట గోదాము తీసుకోమన్నాను. "నా దగ్గరికొచ్చేది ఐదు లీటర్లు, పది లీటర్లు కొనే సోఫా పనోళ్ళు. వాళ్ళు బైక్ మీద అవుటర్ రింగు రోడ్డు దాకా వస్తారా?" అన్నాడు. అందులో న్యాయముంది. ఆయన్ని రాక్షసుణ్ణి చేసి కథ ముగించడం నా ఉద్దేశం కాదు.

ఫిర్యాదు చేద్దామని ఒక ఆఫీసుకి వెళితే మొదటి ప్రశ్న "బిల్డింగ్ ఎత్తెంత?" పన్నెండు మీటర్లన్నాను. "మా పరిధి కాదు." ఇంకో ఆఫీసులో కాస్త మంచాయన తగిలాడు. "కంప్లయింటు రాస్తే ముందు నోటీసు మీకే వస్తుంది సార్, ఓనర్లు మీరే కదా. ఆలోచించుకోండి" అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. ఆ నోటీసు మాకే రావాలి.

"ఇంకా రూల్సు పెడితే ఇంకా లంచాలు, చిన్న వ్యాపారుల పొట్ట కొట్టడమే" అనేవాళ్ళకి నా జవాబు: ఎవరూ చూడలేని రూలే లంచం పుట్టిస్తుంది. అందరికీ కనబడే రూలులో లంచానికి చోటు తక్కువ. కాబట్టి నేను అడిగేవి నాలుగే.

ఒకటి, భవనం ఎత్తుతో పాటు కిందున్న సరుకునీ, పైన పడుకునే మనుషులనీ కలిపి కొలవండి. పైన కాపురాలుంటే కింద ఎ తరగతి నిల్వ ఉండకూడదు, బి తరగతికి 2,500 లీటర్ల మినహాయింపు ఉండకూడదు. ఇల్లు ఆరు మీటర్లున్నా సరే, అరవై ఉన్నా సరే.

రెండు, ప్రతి గోదాము షట్టరు మీద బోర్డు. ఏ సరుకు, ఎంత, లైసెన్సు నంబరు, చివరి తనిఖీ తేదీ. రేషన్ షాపు వాడు బియ్యం నిల్వ బోర్డు మీద రాయాలి, థిన్నరు వాడు రాయక్కర్లేదా? పై అంతస్తులో అద్దెకి దిగేవాళ్ళకి కింద ఏముందో తెలుసుకునే హక్కు లేదా?

మూడు, ఈ లైసెన్సులూ ఎన్‌ఓసీలూ అన్నీ ఇంటి నంబరు కొడితే కనబడేలా నెట్‌లో పెట్టాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు. తామిచ్చిన అనుమతుల వివరాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది. దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ మనలో ఏ నలుగురు కూర్చున్నా నెలలో రాసేస్తారు. సమస్య కోడు కాదు, డేటా బయటపెట్టే మనసు.

నాలుగు, కొట్టేసి పొమ్మంటే ఎవరూ పోరు. ప్రతి పెద్ద పేటకీ దగ్గర్లో, ఇళ్ళకి దూరంగా, చిన్న వ్యాపారులు పంచుకునే గోదాములు ప్రభుత్వమే కట్టి అద్దెకివ్వాలి. ధాన్యానికీ మిర్చికీ గంజ్ కట్టిన ఊరికి థిన్నరుకి ఒక గంజ్ కట్టడం చేతకాదా?

ఇవన్నీ అయ్యేలోపు ఈ రాత్రికి చేయగలిగినవీ ఉన్నాయి. టెర్రస్ తలుపు తాళం తీసి లోపలి గడియ మాత్రం పెట్టాను. మీటర్ల దగ్గరి స్కూటరు బయటికి మార్చాను. పాత ఫ్యూజులు తీయించి ఎంసీబీలు వేయించాను. మొత్తం ఖర్చు నా నెల ఈఎంఐలో నాలుగో వంతు కాలేదు. మీరూ ఒకసారి మీ అమ్మానాన్నలుండే ఇంటి మెట్ల కిందకి టార్చి వేసుకుని వెళ్ళి చూడండి. ఫోన్లో అడక్కండి, "ఏం కాదులే" అంటారు.

చివరికి ఏమైందంటే, నాన్న ఒప్పుకున్నారు. నేనో మనవరాలో అనే స్థితి వచ్చాక ఒప్పుకున్నారనుకోండి. రెండు నెలలు గడువిచ్చాం. పోయిన నెలలో ఆయన ఖాళీ చేశాడు. డ్రమ్ములు టెంపోలోకి ఎక్కిస్తుంటే నేనే నిలబడి చూశాను. అమ్మ ఆ సాయంత్రం కిటికీలన్నీ బార్లా తెరిచింది.

వారం తర్వాత పాల ప్యాకెట్ కోసం వెళ్తూ రెండు గల్లీల అవతల అదే టెంపో చూశాను. అవే స్పాంజి షీట్లు, అవే డ్రమ్ములు, కొత్త షట్టరు. పై అంతస్తు బాల్కనీలో దండెం మీద చిన్నపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

మా ఇంట్లో నేను గెలిచాను. సరుకు ఎక్కడికీ పోలేదు, ఇంటి నంబరు మాత్రం మారింది. ఆ ఇంటివాళ్ళ తలుపు తట్టి చెప్పాను. పెద్దాయన సాదరంగా మంచినీళ్ళిచ్చి, అంతా విని, ఒకటే మాట అన్నాడు: "మా అబ్బాయి కూడా మీలాగే సాఫ్ట్‌వేరే. వాడే మాట్లాడి కుదిర్చాడు, కిరాయి బాగా వస్తుందని."

ఆ అబ్బాయి ఎవరో నాకు తెలియదు. ఇది చదువుతుంటే మాత్రం, తమ్ముడూ, ఈ ఆదివారం ఒకసారి మీ ఇంటికి రా. టార్చి నేను తెస్తాను.